విమానానికి రెండో సంతకం: అమెరికాలో ఎయిర్‌లైన్ డిస్పాచర్ కావాలంటే ఏం చదవాలి, ఎలా చదవాలి

అమెరికాలో షెడ్యూల్ ప్రకారం నడిచే ఎయిర్‌లైన్ విమానం గేటు వదలాలంటే ముందు ఒక పత్రం మీద రెండు సంతకాలు పడాలి. ఒకటి కెప్టెన్‌ది. రెండోది వందల మైళ్ల దూరంలో ఒక పెద్ద హాల్లో, నాలుగైదు స్క్రీన్ల ముందు కూర్చున్న డిస్పాచర్‌ది. ఇప్పుడు అవి ఎక్కువగా ఎలక్ట్రానిక్ సంతకాలే. అయినా వాటి బరువు తగ్గలేదు.

ఈ ఉద్యోగం గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు. విమానాలంటే ప్రాణం పెట్టే పిల్లలు పైలట్ శిక్షణ ఫీజు చూసి వెనక్కి తగ్గుతారు, లేదా మెడికల్ పరీక్షలో ఆగిపోతారు. అక్కడితో విమానాల దారి మూసుకుపోయిందనుకుంటారు. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను ఈ పని చేస్తున్నాను కాబట్టి నాకు బాగా తెలిసిన అమెరికా పద్ధతినే వివరంగా చెబుతాను. ఇండియా సంగతి చివర్లో కొంత ఉంటుంది.

ముందుగా, ఈ పని ఏమిటి?

డిస్పాచ్ అనగానే మనకు పార్సిళ్లు గుర్తొస్తాయి. ఇక్కడ పంపేది విమానాన్ని. వాతావరణం చూసి, దారి ఎంచి, ఎంత ఇంధనం పోయాలో తేల్చాలి. అనుకున్న చోట దిగలేకపోతే ఎక్కడికి వెళ్లాలో కూడా ముందే రాసిపెట్టాలి. ఇవన్నీ కలిపి ఇచ్చే పత్రమే డిస్పాచ్ రిలీజ్. విమానం లేవగానే పని అయిపోదు. అది దిగేదాకా మీ డెస్క్ మీదే ఉంటుంది. దారిలో ఉరుములు లేచినా, దిగాల్సిన చోట రన్‌వే మూసేసినా, లోపల ఎవరికైనా గుండెనొప్పి వచ్చినా కాక్‌పిట్ నుంచి సందేశం వచ్చేది మీకే.

ఫెడరల్ నిబంధనల్లో ఎయిర్‌లైన్లకు వర్తించే పార్ట్ 121 ప్రకారం బయల్దేరే ముందు వేసే ప్లానుకూ, ఆలస్యానికీ, రిలీజ్‌కీ కెప్టెనూ డిస్పాచరూ ఉమ్మడిగా బాధ్యులు. ఇద్దరిలో ఎవరు వద్దన్నా విమానం కదలదు. గాల్లో ఉన్న విమానానికి ప్రమాదం ఉందని మీకు తెలిసి, పైలట్‌తో మాట్లాడే దారి లేకపోతే, ఎమర్జెన్సీ ప్రకటించాల్సిన బాధ్యత కూడా చట్టం మీ మీదే పెట్టింది.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1935 మే 6న టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్ వారి డీసీ-2 విమానం ఒకటి వాతావరణం చెడి, ఇంధనం అయిపోవస్తుండగా మిస్సోరీలో నేలకూలింది. చనిపోయినవారిలో సెనేటర్ బ్రాన్సన్ కటింగ్ ఉన్నారు. విమాన భద్రత మీద దేశమంతా చర్చ రేగింది. 1938లో సివిల్ ఏరోనాటిక్స్ చట్టం వచ్చింది. డిస్పాచర్‌కు ప్రభుత్వ సర్టిఫికెట్ ఉండాలన్న ఏర్పాటు ఆ చట్టంతోనే మొదలైంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2016 నవంబర్ 28. బొలీవియా నుంచి కొలంబియాలోని మెడెయిన్‌కు షాపెకోయెన్సె ఫుట్‌బాల్ జట్టును తీసుకెళ్తున్న లామియా విమానం ఇంధనం పూర్తిగా అయిపోయి కొండల్లో పడిపోయింది. 77 మందిలో 71 మంది పోయారు. ఆ విమానం ఫ్లైట్ ప్లాన్‌లో ప్రయాణ సమయం 4 గంటల 22 నిమిషాలు. విమానంలో ఉన్న ఇంధనం ఎంతసేపు వస్తుందన్న గడిలో కూడా 4 గంటల 22 నిమిషాలే. అంటే మిగులు ఒక్క నిమిషం కూడా లేదు. అది కాగితం మీద అందరికీ కనిపిస్తూనే ఉంది. కొత్తగా ఈ చదువులోకి వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పే సంగతి ఇదే. ప్లాన్‌లోని ప్రతి అంకె దగ్గరా ఆగి ‘ఎందుకు ఇంత?’ అని అడగడం నేర్చుకోండి. మిగతా శిక్షణంతా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడం కోసమే.

మొదటి అడుగు: మీకు అర్హత ఉందా?

సర్టిఫికెట్ చేతికి రావాలంటే 23 ఏళ్లు నిండాలి. రాతపరీక్షకు 21 చాలు. 21 నిండి, పరీక్షలన్నీ పాసై, ఇంకా 23 రాకపోతే ఎఫ్‌ఏఏ, అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ, మీ సామర్థ్యాన్ని ధ్రువీకరిస్తూ ఒక లేఖ ఇస్తుంది. వయసు నిండాక దాన్ని చూపించి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఇంగ్లిష్ చదవడం, రాయడం, మాట్లాడడం, అర్థం చేసుకోవడం రావాలి. మన యాస అడ్డం కాదు. తడబడకుండా, స్పష్టంగా, తక్కువ మాటల్లో చెప్పగలగాలి. రేడియోలో పొడుగు వాక్యాలు ఎవరూ వినరు.

డిగ్రీ ఉండాలన్న నియమం సర్టిఫికెట్‌కు లేదు. మెడికల్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. రంగులు సరిగా గుర్తించలేకపోవడం, షుగర్ లాంటి కారణాలతో పైలట్ కాలేకపోయినవాళ్లకు ఇది పెద్ద ఊరట.

రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అమెరికాలో ఉద్యోగం చేసే హక్కు రాదు. దానికి గ్రీన్ కార్డో, సిటిజన్‌షిప్పో, చెల్లుబాటయ్యే వర్క్ పర్మిట్టో ఉండాలి. ఎయిర్‌లైన్లు ఈ పనికి వీసా స్పాన్సర్ చేస్తాయని నమ్మి ఫీజు కట్టకండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కోర్సులో చేరే ముందే తమ కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగాలి. రెండోది, ఇది భద్రతకు సంబంధించిన ఉద్యోగం కాబట్టి ఉద్యోగంలో చేరేముందూ, ఆ తర్వాత ఎప్పుడు పడితే అప్పుడూ డ్రగ్ టెస్టులు ఉంటాయి. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కావచ్చు. ఆ మాట ఇక్కడ చెల్లదు.

రెండో అడుగు: ఏ దారిలో వెళ్లాలి?

రెండు దారులున్నాయి. గత 3 ఏళ్లలో కనీసం 2 ఏళ్లు ఎయిర్‌లైన్లలో గానీ సైన్యంలో గానీ పైలట్‌గానో, వాతావరణ నిపుణుడిగానో, అలాంటి నిర్దిష్టమైన కొన్ని పనుల్లోనో ఉన్నవాళ్లు, లేదా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గానో, ఎయిర్‌లైన్‌లో సహాయక డిస్పాచర్‌గానో చేసినవాళ్లు ఆ అనుభవం చూపించి నేరుగా పరీక్షలకు వెళ్లవచ్చు. మిగతా అందరిదీ రెండో దారే. ఎఫ్‌ఏఏ అనుమతి ఉన్న స్కూల్లో కనీసం 200 గంటల కోర్సు చేయాలి.

క్లాసులో కూర్చుని చేస్తే ఇది సాధారణంగా ఐదారు వారాలు పడుతుంది. కొంత ఆన్‌లైన్‌లో, చివర రెండు మూడు వారాలు క్లాసులో అనే పద్ధతి కూడా ఉంది. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు అది వీలు. అవకాశం ఉంటే మాత్రం పూర్తిగా క్లాసులో కూర్చుని చేసేదే ఎంచుకోండి. పక్కనున్నవాళ్లు మీ ప్లాన్ చూసి తప్పు పట్టడం, మీరు వాళ్లది పట్టడం, అసలు చదువు అక్కడే జరుగుతుంది. ఫీజు కొన్ని వేల డాలర్లు. ఊరు కాని ఊరైతే బస, తిండి అదనం.

స్కూలుకు ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. పాఠం చెప్పేవాళ్లలో ఎయిర్‌లైన్ డెస్క్ మీద నిజంగా కూర్చున్నవాళ్లు ఎంతమంది? చివరి పరీక్ష పెట్టే ఎగ్జామినర్ స్కూలుకే వస్తారా, మనమే వెతుక్కోవాలా? ఫెయిలైతే మళ్లీ పరీక్షకు ఎంత కట్టాలి? తడుముకోకుండా జవాబు చెప్పే స్కూలును నమ్మవచ్చు.

మూడో అడుగు: చేరే ముందు రెండు నెలలు ఇంట్లో

200 గంటలంటే చాలా అనిపిస్తుంది. కోర్సు మొదలైన మూడో రోజుకే సమయం చాలడం లేదనిపిస్తుంది. సున్నాతో వెళ్లినవాళ్లు కోడ్‌లు బట్టీ పట్టడంలోనే అలసిపోయి, అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి ఓపిక మిగలక ఇబ్బంది పడతారు. అందుకే ముందు రెండు నెలలు ఇంట్లో చదవండి. దీనికి పైసా ఖర్చు లేదు. వాతావరణం మీద ఎఫ్‌ఏఏ వేసిన ఏవియేషన్ వెదర్ హ్యాండ్‌బుక్, పైలట్ల కోసం వేసిన ప్రాథమిక విజ్ఞానం పుస్తకం, బరువు–బ్యాలెన్స్ పుస్తకం మూడూ వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ మూడింట్లో వాతావరణం పుస్తకానికి సగం కన్నా ఎక్కువ సమయం ఇవ్వండి.

పుస్తకంతో పాటు రోజూ ఒక అలవాటు పెట్టుకోండి. విమానాశ్రయాల వాతావరణాన్ని చెప్పే నివేదికలు రెండు రకాలు. ఇప్పుడు ఎలా ఉందో చెప్పేది మెటార్. ఇకపై ఎలా ఉండబోతుందో చెప్పేది టాఫ్. మొదట మన ఊళ్లతోనే మొదలుపెట్టండి. శంషాబాద్, గన్నవరం, విశాఖపట్నం. అక్కడి ఎండ, వాన మీ ఒంటికి తెలుసు కాబట్టి కోడ్‌లోని అక్షరం వెనక ఉన్న ఆకాశం వెంటనే కళ్లకు కడుతుంది. ఆ తర్వాత అమెరికా విమానాశ్రయాలకు వెళ్లండి. ఇండియా నివేదికల్లో కనుచూపు దూరం మీటర్లలో ఉంటుంది, అమెరికాలో మైళ్లలో. గాలి పీడనం ఇండియాలో హెక్టోపాస్కల్స్, అమెరికాలో అంగుళాలు. రెండూ చదవడం వస్తే తర్వాత అంతర్జాతీయ డెస్క్ మీద తడబడరు.

అమెరికాలో నాలుగు ఊళ్లు ఎంచుకుని రెండు నెలలూ వాటినే చూడండి. నా ఎంపిక ఇది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగే రెండు సమాంతర రన్‌వేల మధ్య దూరం 750 అడుగులే. సముద్రం మీంచి మేఘం కిందికి దిగితే పక్కపక్కనే రెండు విమానాలు దిగలేవు, దాంతో గంటకు దిగే విమానాల సంఖ్య పడిపోతుంది. అలాంటి రోజున అక్కడ వాన పడకపోయినా మీ విమానం మాత్రం బయల్దేరిన చోటే ఆగిపోతుంది. డెన్వర్ సముద్రమట్టానికి 5,400 అడుగులకు పైనుంది. ఎండాకాలం మధ్యాహ్నం పలచటి వేడి గాలిలో విమానం లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి. లగార్డియా రన్‌వేలు ఒక్కోటి 7,000 అడుగులే, తడిస్తే లెక్క మారిపోతుంది. షికాగో ఓహేర్‌లో చలికాలం మంచు, వేసవిలో వరుసకట్టి వచ్చే గాలివానలు. ఈ నాలుగు ఊళ్లూ అర్థమైతే పరీక్షలో సగం అర్థమైనట్టే.

రోజూ సాయంత్రం టాఫ్ చదివి, ‘రేపు ఈ సమయానికి ఇలా ఉంటుంది’ అని నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి. మర్నాడు మెటార్‌తో పోల్చండి. ఎక్కడ తప్పారో ఎర్ర పెన్నుతో రాయండి. నా నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో పేజీల నిండా ఎర్ర సిరానే.

గడియారం కూడా మార్చుకోండి. విమానయానంలో అంతా జూలూ టైమే, అంటే గ్రీన్‌విచ్ సమయం (యూటీసీ). ఇండియా దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. డల్లస్ వేసవిలో 5 గంటలు, చలికాలంలో 6 గంటలు వెనక. ఫోన్లో రెండో గడియారంగా జూలూ పెట్టుకుని రోజంతా దానితోనే ఆలోచించండి. పరీక్షలో తారీకు దాటే ప్రశ్న ఒకటైనా తగులుతుంది. పనిలో అయితే ప్రతి రాత్రీ తగులుతుంది.

నాలుగో అడుగు: రాతపరీక్ష

దీన్ని అందరూ ఏడీఎక్స్ అంటారు. 80 ప్రశ్నలు, 3 గంటలు, 70 శాతం వస్తే పాస్. ఫలితం 24 నెలలు చెల్లుతుంది. నిబంధనలు, వాతావరణం, చార్టులు, నావిగేషన్, బరువు–బ్యాలెన్స్, టేకాఫ్–ల్యాండింగ్ పనితీరు, మనిషి చేసే పొరపాట్లు, నిర్ణయాలు తీసుకోవడం అన్నీ వస్తాయి.

ప్రశ్నల బ్యాంకులు బజారులో దొరుకుతాయి. బట్టీ పట్టి 90 తెచ్చుకోవచ్చు. కానీ అలా తెచ్చుకున్న 90 మీద ఆ తర్వాతి పరీక్షలో ఎగ్జామినర్‌కు పది నిమిషాల్లో అనుమానం వస్తుంది. ప్రశ్నల బ్యాంకు వాడండి, తప్పు లేదు. ప్రతి జవాబు పక్కన అది ఏ నిబంధన నుంచి వచ్చిందో ఆ నంబర్ రాసుకోండి. ప్రశ్నలకు జతగా ఇచ్చే చార్టుల పుస్తకంలోని గ్రాఫులను ముందే పది పదిహేనుసార్లు చేతితో గీసి అలవాటు చేసుకోండి. టైమ్ తినేది అవే.

ఐదో అడుగు: ప్లాన్ వేయడం నేర్చుకోవడం

కోర్సుకు గుండెకాయ ఇదే కాబట్టి ఒక లెక్క మొత్తం చేసి చూపిస్తాను. అంకెలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవి.

డల్లస్ నుంచి ఓహేర్‌కు బోయింగ్ 737-800. ప్రయాణం 2 గంటలు. సగటున గంటకు 5,200 పౌండ్ల ఇంధనం కాలుతుందనుకుందాం. మీరు చేరే సమయానికి ఓహేర్ టాఫ్‌లో మామూలు వాతావరణమే ఉంది కానీ మధ్యమధ్యలో ఉరుములతో గాలివాన రావచ్చని కూడా రాసి ఉంది.

మొదటి ప్రశ్న: ఆల్టర్నేట్, అంటే ప్రత్యామ్నాయ విమానాశ్రయం, కావాలా? దేశీయ విమానాలకు నియమం ఇది. మీరు చేరే సమయానికి గంట ముందు నుంచి గంట తర్వాత దాకా మేఘాల ఎత్తు కనీసం 2,000 అడుగులు, కనుచూపు కనీసం 3 మైళ్లు ఉంటుందని అంచనా చెబితే ఆల్టర్నేట్ అక్కర్లేదు. స్కూల్లో దీన్ని వన్–టూ–త్రీ అని గుర్తుపెట్టిస్తారు. మన టాఫ్‌లో గాలివాన ముక్క ఉంది, అది వస్తే కనుచూపు, మేఘాల ఎత్తు ఈ హద్దుల కిందికి పడిపోవచ్చు కాబట్టి కావాలి.

ఏ ఊరు పెట్టాలి? నేను ఒక ఎయిర్‌లైన్‌లో కొత్తగా చేరి, సీనియర్ పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న రోజుల్లో సరిగ్గా ఇలాంటి రోజే వచ్చింది. మిల్వాకీ పెట్టాను. దగ్గర, ఇంధనం తక్కువ, ఆ సమయానికి టాఫ్ కూడా పాస్. సీనియర్ నా స్క్రీన్ చూసి ఒక్క మాటే అడిగారు: “మిల్వాకీ ఎందుకు?” నా దగ్గర ‘దగ్గర కాబట్టి’ తప్ప జవాబు లేదు. ఆయన రాడార్ తెరిచి చూపించారు. గాలివాన ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక గోడలా నిలబడి పడమర నుంచి తూర్పుకు కదులుతోంది. ఓహేర్‌ను తాకే సమయానికే మిల్వాకీని కూడా తాకుతుంది. రెండు తలుపులూ ఒకేసారి మూసుకుపోతాయి. ఆ రోజు నుంచి ఆల్టర్నేట్‌ను మ్యాప్ మీద దూరం చూసి ఎంచలేదు. వాన ఎటు వెళ్తోందో చూసి, అది దాటిపోయిన వైపు ఎంచుతాను. ఇక్కడ సెయింట్ లూయిస్ మంచిది. సుమారు 40 నిమిషాలు.

ఆల్టర్నేట్‌కు వాతావరణ కనీసాలు, అంటే అక్కడ దిగడానికి ఉండాల్సిన కనీస మేఘాల ఎత్తు, కనుచూపు, మామూలు కన్నా ఎక్కువ ఉండాలి. రన్‌వేకు నేరుగా దారి చూపే సదుపాయం ఒకటే ఉంటే మామూలు కనీసానికి 400 అడుగులు, 1 మైలు కలపాలి. వేర్వేరు రన్‌వేలకు రెండు సదుపాయాలుంటే వాటిలో ఎక్కువగా ఉన్నదానికి 200 అడుగులు, అర మైలు కలిపితే చాలు. 200 అడుగులు, అర మైలు కనీసం ఉన్న ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో రన్‌వేకు దారి చూపే వ్యవస్థ) ఒక్కటే ఉంటే 600 అడుగులు, ఒకటిన్నర మైలు. అలాంటివి రెండుంటే 400 అడుగులు, 1 మైలు. ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఇప్పుడు ఇంధనం. దేశీయ నియమం ప్రకారం గమ్యం దాకా, అక్కడి నుంచి ఆల్టర్నేట్ దాకా, ఆ తర్వాత మామూలు వేగంతో ఇంకో 45 నిమిషాలు ఎగరడానికి సరిపడా ఉండాలి. ప్రయాణానికి 10,400. సెయింట్ లూయిస్‌కు 3,500. 45 నిమిషాలకు 3,900. మొత్తం 17,800 పౌండ్లు. ఇది చట్టం అడిగే కనీసం.

చట్టం అడిగింది సరిపోతుందా? గాలివాన రోజున ఓహేర్ దగ్గర విమానాలను గాల్లో చక్కర్లు కొట్టిస్తారు. ఇంకో 30 నిమిషాలకు 2,600 కలుపుదాం. 20,400 అయింది. గేటు నుంచి రన్‌వే దాకా నడవడానికి 400. ట్యాంకుల్లో పోయించేది 20,800.

చాలామంది కొత్తవాళ్లు ఇక్కడ పెన్ను కింద పెట్టేస్తారు. పెట్టకండి. ఇంధనానికి బరువు ఉంది. ప్రయాణికులు, సామాను కలిపి ఇంధనం లేకుండా ఈ విమానం బరువు 137,000 పౌండ్లనుకుందాం. లేచేటప్పుడు ఉన్న 20,400లో దారిలో 10,400 కాలితే దిగేటప్పుడు 10,000 మిగులుతుంది. దిగే బరువు 147,000. ఈ రకం విమానం దిగడానికి అనుమతించే గరిష్ఠ బరువు 146,300. మనం 700 పౌండ్లు ఎక్కువున్నాం. ‘చక్కర్లు కొడితే ఆ ఇంధనం కాలిపోతుంది కదా’ అనిపిస్తుంది. కొట్టకుండా నేరుగా దింపేస్తే? అందుకే ఆ లెక్క ఒప్పుకోరు.

700 పౌండ్లంటే గాల్లో 8 నిమిషాల చక్కర్లు. లేదా కొంత సరుకు. ఏది తీస్తారు? నేనైతే సరుకు దించి తర్వాతి విమానంలో వేయమంటాను. స్టేషన్ వాళ్లు విసుక్కుంటారు. ఫోన్ రెండుసార్లు మోగుతుంది. మీ దగ్గర కారణం సిద్ధంగా ఉంటే ఆ ఫోన్ ఒక నిమిషంలో అయిపోతుంది.

ఇంకా మిగిలినవి చకచకా చూడాలి. ఆ విమానంలో ఏదైనా పరికరం పనిచేయకపోయినా దాని మరమ్మతు వాయిదా వేసి ఉందా? ఉంటే దానివల్ల ఎత్తు, బరువు, దారి మీద ఏ పరిమితి పడుతుంది? నోటీసుల్లో రన్‌వే మూసివేతలు ఏమున్నాయి? బయల్దేరే చోట వాతావరణం తిరిగి దిగడానికి సరిపోనంత చెడ్డగా ఉంటే టేకాఫ్ ఆల్టర్నేట్ కూడా పెట్టాలి. రెండు ఇంజన్ల విమానానికి అది ఒక ఇంజన్ మీద గంట దూరంలోపు ఉండాలి. వర్జీనియాలోని వారెన్‌టన్‌లో ఉన్న ఎఫ్‌ఏఏ కమాండ్ సెంటర్ ఓహేర్‌కు వెళ్లే విమానాలకు ఆలస్యపు సమయాలు ఇచ్చిందా? ఇచ్చి ఉంటే చేరే సమయం మారుతుంది. చేరే సమయం మారితే టాఫ్ మళ్లీ మొదటి నుంచి చదవాలి.

అంతర్జాతీయ విమానాలకు ఇంధన నియమం వేరు. సముద్రాల మీద ఇంకా వేరు. కోర్సులో అవి వస్తాయి. దేశీయ లెక్క చేతికి వచ్చాక అవి కష్టమనిపించవు.

ఇలాంటి ప్లాన్లు కోర్సు ముగిసేలోగా చేత్తో కనీసం ముప్పై వేయండి. ఎయిర్‌లైన్‌లో సాఫ్ట్‌వేర్ క్షణాల్లో వేసిస్తుంది. చేత్తో వేసినవాళ్లకే అది తప్పు వేసినప్పుడు కంటికి ఆనుతుంది.

ఆరో అడుగు: ప్రాక్టికల్ పరీక్ష

ఎఫ్‌ఏఏ నియమించిన ఎగ్జామినర్ ముందు కూర్చోవాలి. ఎయిర్‌లైన్లలో వాడే ఏదో ఒక పెద్ద విమానం రకం మీద పరీక్ష జరుగుతుంది. ఒక ప్లాన్ వేయమంటారు. తర్వాత నోటితో ప్రశ్నలు. కొన్ని గంటలు పడుతుంది. ప్లానింగ్, బయల్దేరడం, దారిలో, దిగడం, దిగాక, అత్యవసర పరిస్థితులు అన్నీ అడుగుతారు. ఏం అడుగుతారో చెప్పే ప్రమాణాల పుస్తకాన్ని ఎఫ్‌ఏఏ బహిరంగంగానే పెట్టింది. దాన్ని ముందు పెట్టుకుని ఒక్కో గీత దగ్గర టిక్ పెట్టుకుంటూ చదవండి.

టెన్షన్ అందరికీ ఉంటుంది. జవాబు తెలియకపోతే కల్పించకండి. ‘ఇది ఈ నిబంధనలో ఉంటుంది, చూసి చెబుతాను’ అనండి. పుస్తకంలో ఎక్కడ వెతకాలో తెలియడం కూడా ఈ పనిలో విద్యే. ఎగ్జామినర్ మధ్యలో పరిస్థితి మారుస్తారు: “ఇప్పుడు సెయింట్ లూయిస్‌లో మంచు పడుతోంది. ఏం చేస్తావు?” అప్పుడు మౌనంగా లెక్క వేసుకోవద్దు. మీ ఆలోచన ఆయనకు వినబడేలా పైకి చెబుతూ వేయండి.

పాసైన రోజే తాత్కాలిక సర్టిఫికెట్ వస్తుంది. అది 120 రోజులు చెల్లుతుంది. ఆలోగా అసలు కార్డు పోస్టులో వస్తుంది. కోర్సు పూర్తయ్యాక పరీక్షను మాత్రం వాయిదా వేయకండి. 90 రోజులు దాటితే స్కూలు మిమ్మల్ని మళ్లీ పరీక్షించి, మీ ఉత్తీర్ణత పత్రాన్ని తిరిగి ధ్రువీకరించాల్సి వస్తుంది. మర్చిపోవడం మనం అనుకున్నదానికన్నా త్వరగా జరుగుతుంది.

ఏడో అడుగు: ఉద్యోగం

దాదాపు అందరూ ప్రాంతీయ ఎయిర్‌లైన్లతోనే మొదలుపెడతారు. స్కైవెస్ట్ యూటాలోని సెయింట్ జార్జ్‌లో, ఎన్వాయ్ డల్లస్ పక్కన అర్వింగ్‌లో, ఎండెవర్ మినియాపొలిస్‌లో ఉన్నాయి. మొదటి జీతం చూసి నిరాశ పడతారు. ముందే చెబుతున్నాను, ఐటీ జీతంతో పోల్చకండి. కొన్నేళ్లయ్యాక పెద్ద ఎయిర్‌లైన్‌కు మారితే జీతం బాగా పెరుగుతుంది. అమెరికన్ ఫోర్ట్‌వర్త్‌లో, సౌత్‌వెస్ట్ డల్లస్‌లో, డెల్టా అట్లాంటాలో, యునైటెడ్ షికాగోలో ఉన్నాయి. ఇవన్నీ మనవాళ్లు బాగా స్థిరపడిన ఊళ్లే. డల్లస్ పక్కన ఫ్రిస్కోలోనో, అట్లాంటా పక్కన ఆల్ఫరెటాలోనో ఇల్లున్నవాళ్లు చివరికి తమ ఊళ్లోనే ఈ వృత్తిలో స్థిరపడవచ్చు.

మరో సంగతి కుటుంబంతో కూర్చుని మాట్లాడుకోండి. ఈ పనిలో అన్నీ సీనియారిటీ ప్రకారమే. కొత్తవాళ్లకు రాత్రి షిఫ్టులు, పండగలు, వారాంతాలు. సంక్రాంతి, దసరా మాట అటుంచి, పిల్లల పుట్టినరోజుకు సెలవు దొరకడమే కష్టం మొదటి ఏళ్లలో. మామూలుగా వరసగా 10 గంటలకు మించి డ్యూటీ వేయకూడదని, 7 రోజుల్లో 24 గంటలైనా పూర్తి విశ్రాంతి ఇవ్వాలని నిబంధన ఉంది. నిద్ర పట్టని రోజుల్లో ఆ నిబంధన విలువ తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో సాధారణంగా ఒక చిన్న రాతపరీక్ష, టాఫ్ చదివి చెప్పడం, వన్–టూ–త్రీ, ఆల్టర్నేట్ కనీసాలు, ఆపైన మీ స్వభావం గురించి ప్రశ్నలు ఉంటాయి. ‘పైవాళ్లు ఒత్తిడి చేసినప్పుడు ఎప్పుడైనా కాదన్నారా?’ అన్న ప్రశ్నకు నిజమైన సంఘటన ఒకటి సిద్ధం చేసుకోండి. అది బ్యాంకులోదైనా, హోటల్లోదైనా పరవాలేదు.

చేరాక ఎయిర్‌లైన్ తన శిక్షణ తను ఇస్తుంది. వాళ్ల విమానాలు, వాళ్ల సాఫ్ట్‌వేర్, వాళ్ల పద్ధతులు. ఆపైన సీనియర్ పక్కన కూర్చుని పని, చివర్లో సామర్థ్య పరీక్ష. కాక్‌పిట్‌లో కూర్చుని కనీసం 5 గంటలు పని గమనించాలి, దాన్ని ఏటా మళ్లీ చేయాలి. ఆ ప్రయాణాల్లో నిద్రపోకండి. మీరు మూడు వరుసల్లో కొట్టి పంపిన సందేశం గాలివాన మధ్యలో ఉన్న ఇద్దరు మనుషులకు ఎలా వినబడుతుందో అక్కడే తెలుస్తుంది. నేను అలా ఒకసారి కూర్చుని వచ్చాక నా సందేశాలు సగానికి కుదించుకున్నాను.

ఇండియాలో చేయాలనుకునేవాళ్లకు

ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే ఇండియాలో నేరుగా ఉద్యోగం రాదు. అక్కడ డిస్పాచర్‌కు ఇండియా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం కావాలి. ఆ ఆమోదం ఎయిర్‌లైన్ ద్వారా వస్తుంది. కాబట్టి ముందు ఏదో ఒక ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ విభాగంలో ప్రవేశం సంపాదించాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివినవాళ్లకూ, ఏరోనాటికల్ ఇంజనీరింగ్ వాళ్లకూ, పైలట్ లైసెన్స్ ఉండి ఉద్యోగం దొరకనివాళ్లకూ ఇది ఆలోచించదగ్గ దారి. ప్రకటన వచ్చినప్పుడు అర్హతలు జాగ్రత్తగా చదవండి. ఇండిగో, ఎయిరిండియా ఆపరేషన్స్ కేంద్రాలు గురుగ్రామ్‌లో ఉన్నాయి కాబట్టి హైదరాబాద్ వదలాల్సి రావచ్చు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల్లో ఈ వృత్తికి కనీస వయసు 21. దరఖాస్తుకు ముందు 6 నెలల్లో కనీసం 90 పని దినాలు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసి ఉండాలి. చదివే విషయాలు పైన చెప్పినవే. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచే అక్కడి పాఠశాల. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున ఢిల్లీకి వెళ్లే విమానానికి ఆల్టర్నేట్‌గా ఏ ఊరు పెట్టాలి, ఆ ఊరు కూడా అదే పొగమంచులో ఉంటే ఏం చేయాలి అన్న ప్రశ్నతో నాలుగు రాత్రులు కూర్చోండి. మిల్వాకీ దగ్గర నేను నేర్చుకున్నది మీకు లక్నో దగ్గరో జైపూర్ దగ్గరో దొరుకుతుంది.

ఒంటరిగా కూర్చునే మొదటి షిఫ్టు

అరగంట ముందు వెళ్లండి. డెస్క్ తీసుకునే ముందు ఎవరితోనూ మాట్లాడకుండా దేశమంతటి రాడార్ ఒకసారి, మీ విమానాలు దిగే ఊళ్ల టాఫ్‌లు ఒకసారి చూడండి. మీ సొంత అభిప్రాయం ఏర్పడ్డాకే షిఫ్టు దిగిపోతున్నవారి దగ్గర వివరాలు తీసుకోండి. ఆయన చెప్పినదానికీ మీరు చూసినదానికీ తేడా ఉంటే, ఆయన కోటు వేసుకుని వెళ్లిపోకముందే అడగండి. గాల్లో ఉన్న ప్రతి విమానానికీ ఎంత ఇంధనం ఉంది, ఆల్టర్నేట్ ఏది, అది ఇప్పటికీ తెరిచే ఉందా, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత కుర్చీ సరిచేసుకుని, మొదట దిగబోయే విమానంతో మొదలుపెట్టండి.